వారం అత్త, పదిహేడో నంబరు కథ

టీవీ ఆఫీసులో రెండో అంతస్తు మెట్లెక్కగానే ఎడమచేతి వైపున్నది పిల్లల నాటకాల గది. తలుపు మీద బారెడు పేరున్న బోర్డు ఒకటి వేలాడుతోంది గాని, దాన్ని చివరిదాకా చదివిన పుణ్యాత్ములెవరూ లేరు. లోపల మూడు బల్లలు, ఒక ఇనుప బీరువా, బీరువా మీద దుమ్ము కొట్టుకుపోయిన కవర్ల కట్టలు. కిటికీ పక్క బల్ల వారం అత్తది. ఇరవై ఆరేళ్ళ కిందట టైపు కొట్టడానికి వచ్చి అక్కడ కూర్చుంది. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. పెద్ద సారు జుట్టు తెల్లబడి, తెల్లబడింది కాస్తా సగం ఊడింది. కిటికీ బయటి ఖాళీ స్థలంలో ఆరంతస్తుల భవనం లేచి వెలుతురంతా మింగేసింది. ఆవిడ మాత్రం కదల్లేదు.

చదువు తొమ్మిదో తరగతితో సరి. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే, "అవును బాబూ, నేను తొమ్మిదే చదివాను. మీరు పదహారేళ్ళు చదివి రాసిన కథను దిద్దుతున్నది ఆ తొమ్మిదే" అంటుంది. ఆ మాట అనిపించుకున్నవాళ్ళు రెండోసారి ఎత్తరు.

పిల్లలకు నాటకం తీయాలంటే ముందు ఒక ఆలోచన కావాలి. ఎవరు, ఎక్కడ, ఏం జరుగుతుంది, ఎన్ని భాగాలు, ఇదంతా నాలుగు పేజీల్లో రాసి పంపాలి. ఏడాదికోసారి అలాంటి కవర్లు బస్తాలకొద్దీ వచ్చి పడతాయి. పెద్దవాళ్ళ నాటకాలు రాయలేక చేతులెత్తేసినవాళ్ళంతా పిల్లలకైతే రాసెయ్యొచ్చులే అనుకుంటారు. పిల్లలంటే లోకానికి అంత చులకన. కాకి మాట్లాడుతుంది, కుందేలు బుద్ధి చెబుతుంది, చివర్లో ఒక తాతయ్య ఎక్కణ్ణుంచో ఊడిపడి నీతి వప్పజెప్పి పోతాడు. ఆ తాతయ్యలు ఇరవై ఆరేళ్ళలో ఎంతమంది వచ్చారో లెక్క పెడితే ఒక ఊరు కట్టొచ్చు.

మొదట్లో ఆవిడ పని వాటిని శుభ్రంగా టైపు చేసి పెద్ద సారు బల్ల మీద పెట్టడం, అంతవరకే. కాని చేతులు పనిచేస్తున్నంతసేపు నోరు ఊరుకోదుగా. ఒకరోజు పెద్ద సారు విన్నాడు.

"ఏమ్మా, ఏమిటా గొణుగుడు?"

"మూడో పేజీకే నాకు ఆవలింతలొస్తున్నాయి సార్. తొమ్మిదేళ్ళవాడు టీవీ ముందు కాళ్ళు ముడుచుకుని ఎలా కూర్చుంటాడా అని."

ఆయన నవ్వి ఊరుకున్నాడు. మర్నాడు ఇంకో కథ ఇచ్చి, టైపు అయ్యాక, "ఇందులో ఎన్నో పేజీకి ఆవలింతొచ్చింది?" అని అడిగాడు. అడగడం అలవాటైంది. అలవాటు నాలుగేళ్ళలో ఉద్యోగమైంది. కథలు ఏరే పని ఆవిడకిచ్చి టైపుకు వేరే మనిషిని పెట్టుకున్నారు.

ఆ తర్వాత పరీక్ష పెట్టింది కూడా ఆవిడే. పెద్దవాళ్ళు నలుగురు బల్ల చుట్టూ కూర్చుని పిల్లలకు ఏది నచ్చుతుందో తేల్చడం ఆవిడకు ఒళ్ళుమంట. "మనకేం తెలుసు సార్, మన మోకాళ్ళకే ముప్పై ఏళ్ళు దాటాయి" అని, బడికి పోదామంది. పరీక్ష చాలా చిన్నది. ఒక తరగతి పిల్లలకు కథను పది నిమిషాల్లో చెప్పాలి. బొమ్మలు చూపించకూడదు, గొంతు మార్చకూడదు. చెప్పి వచ్చెయ్యాలి. సరిగ్గా వారం తర్వాత వెళ్ళి, "పోయిన వారం ఏం జరిగింది?" అని ఒకే ఒక్క ప్రశ్న అడగాలి. అడిగాక "ఊఁ" తప్ప ఇంకో మాట అనకూడదు. గుర్తు చేయకూడదు, సరిదిద్దకూడదు. పిల్లలు ఏమంటే అది, తప్పో ఒప్పో, కాగితం మీద పెట్టాలి. పిల్లలు తన్నుకుని చెబితే కథ బతికినట్టు. చేతులు కట్టుకుని "మంచి నీతి కథండీ" అన్నారంటే దానికి నూకలు చెల్లినట్టు.

కథ చెప్పే పని పక్క బల్ల మాస్టారిది. ఆయన పిల్లల నాటకాల్లో మాటల తప్పులు సరిచూస్తాడు. నిప్పంటుకుందని చెప్పినా, నీళ్ళు కాగాయని చెప్పినా ఒకే గొంతు. అందుకే చప్పిడి మాస్టారని పేరు. ఆయన నోటి మీదుగా వెళ్ళి కూడా బతికిన కథకు ఇంక చావు లేదని ఆవిడ లెక్క. వారం తర్వాత అడిగే పని ఆవిడది. బళ్ళల్లో పిల్లలు వారం అత్త అని పిలిచింది అందుకే. ఆ పేరు ఆఫీసుకు పాకింది. ఇప్పుడు ఆవిడ అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా లేదు.

ఇంకో నియమం ఉంది. అది కూడా ఆవిడ పెట్టిందే. కథ రాసినవాళ్ళు పరీక్ష దరిదాపుల్లోకి రాకూడదు. రాసినవాళ్ళ కళ్ళలో జవాబు కనిపిస్తుంది, పిల్లలు దాన్ని చూసి చెప్పేస్తారు. అందుకే పేర్లు చిన్న కవర్లలో పెట్టి పంపాలి. ఆ కవర్లు పెద్ద సారు సొరుగులో తాళం వేసి ఉంటాయి. కథలు నంబర్లతోనే బయటికి వస్తాయి.

ఈ ఏడు తీయబోయేది ఒకే ఒక్క కొత్త నాటకం, ఆరు భాగాలు, తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు. వారం అత్త రిటైరు కావడానికి నాలుగు నెలలుంది. వందలమంది కథలు దిద్దిన మనిషి పేరు ఇంతవరకూ తెర మీద ఒక్కసారి కూడా రాలేదు. ఏరినవాళ్ళ పేరు వేసే ఆచారం లేదు. దాని గురించి ఆవిడ ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదు. అనకపోతే లోపల లేదని అర్థమా?

అందుకని ఈసారి ఒక కథ తనే రాసింది. నాలుగు పేజీలూ చెల్లెలి చేత చేతిరాతతో రాయించి, మూడు వీధుల అవతలి పోస్టు డబ్బాలో వేసి వచ్చింది. చెల్లెలు ఇంట్లో కుట్టుపని చేస్తుంది. ఇద్దరూ మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో ఉంటారు. ఇద్దరూ పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు చెల్లెలు చెప్పే జవాబు ఇక్కడ రాయదగ్గది కాదు.

"సొంత ఆఫీసుకు ఉత్తరం రాసుకున్న మనిషిని నిన్నొక్కదాన్నే చూశాను అక్కా" అంది చెల్లెలు. "స్టాంపు అంటించావా? నీ కంగారుకు అది కూడా మర్చిపోయుంటావు."

"అంటించాను. నోరు మూసుకుని కుట్టుకో."

కథ ఇదీ. బస్సు డిపోలో ఒక గది ఉంటుంది. బస్సుల్లో జనం మర్చిపోయిన వస్తువులన్నీ సాయంత్రానికి ఆ గదికి చేరతాయి. గొడుగులు, ఒంటి చెప్పులు, ఒకసారి ఎవరివో కట్టుడు పళ్ళు. గది చూసుకునే ఉద్యోగి కూతురికి పదకొండేళ్ళు. ఒక్కో భాగంలో ఒక్కో వస్తువు. ఆ పిల్ల దాన్ని పట్టుకుని దాని మనిషిని వెతుకుతుంది. మొదటి భాగంలో దొరికింది ప్రోగ్రెస్ కార్డు. తీరా చూస్తే అది ఎవరూ మర్చిపోయింది కాదు. తన తరగతి కుర్రాడు లెక్కల్లో తప్పి, ఇంట్లో చూపించలేక, కావాలని సీటు కింద వదిలి దిగిపోయాడు. పిల్ల ఆలోచించి ఆలోచించి కార్డు తీసుకెళ్ళి వాడి అమ్మానాన్నలకు ఇచ్చేస్తుంది. వాడు ఏడుస్తాడు, బుద్ధి తెచ్చుకుంటాడు.

ఆ కథకు పడిన నంబరు పదిహేడు. వారం అత్త దాన్ని తన పక్షాన ఒక్క మాట అనకుండా చప్పిడి మాస్టారి ముందూ, పెద్ద సారు ముందూ మిగిలినవాటితో పాటే పడేసింది. వాళ్ళిద్దరే చదివి పైకి తీశారు. వడగట్టగా మిగిలినవి మూడు, అందులో పదిహేడు ఒకటి. ఇంక పరీక్ష. తాను వెళ్ళకూడదు. వెళ్ళనంటే ఎందుకని అడుగుతారు. కారణం చెబితే, ఆఫీసు మనిషి కథని మొహమాటానికి పాసు చేస్తారు. ఆ పాసు ఆవిడకు అక్కర్లేదు. ఊఁ కొట్టడమేగా, నా నోరు నా చేతిలో లేదా అనుకుని వెళ్ళింది.

గురువారం, భోజనాల గంట తర్వాత. ఐదో తరగతి. ముప్పై నాలుగు మంది పిల్లలు, చెమట వాసన, సుద్దముక్కల పొడి. చప్పిడి మాస్టారు పోయిన గురువారం కథ చెప్పేసి వచ్చాడు కాబట్టి ఇవాళ గుమ్మం దాకా వచ్చి, బయట కుళాయి దగ్గర ఆగిపోయాడు. వారం అత్త కుర్చీ లాక్కుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని కూర్చుంది.

"పోయిన వారం ఏం జరిగింది?"

"బస్సులో ఒకడు ప్రోగ్రెస్ కార్డు వదిలేసి దిగిపోయాడత్తా!"

"మర్చిపోయి కాదు, కావాలనే!"

"వాడికి లెక్కల్లో తొమ్మిదే వచ్చాయి."

"పదకొండురా. తొమ్మిది నీకొచ్చాయి."

తరగతంతా గొల్లుమంది. తొమ్మిది వచ్చినవాడు కూడా నవ్వాడు.

"ఊఁ" అంది వారం అత్త. పెన్ను గబగబా నడుస్తోంది.

"ఆ కార్డు డిపోకొచ్చింది. ఆ పిల్ల వాళ్ళ నాన్న ఇంకా చూళ్ళేదు."

"కట్టుడు పళ్ళు కూడా ఉన్నాయక్కడ!"

"అవి కాదురా, కార్డు సంగతి చెప్పు. ఆ పిల్ల కార్డు చూసింది. చూసి…"

"దాచేసింది!" నలుగురు ఒక్కసారే అరిచారు.

"ఆఁ, దాచేసింది, నాన్న చూడకుండా!"

పెన్ను ఆగిపోయింది. గొంతులో ఊఁ సిద్ధంగానే ఉంది, బయటికి రాలేదు. బయటికి వచ్చింది వేరే మాట.

"దాచేసిందా? సరిగ్గా గుర్తు తెచ్చుకోండమ్మా. వాడి ఇంటికెళ్ళి ఇచ్చేసింది కదూ?"

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బోర్డు మీద చేసిన లెక్క తప్పని మాస్టారు అన్నప్పుడు చూసుకునే చూపు అది.

"ఆఁ… ఇచ్చేసిందత్తా."

"ఇచ్చేసింది. వాడు ఏడ్చాడు."

"తర్వాత బాగా చదువుకున్నాడు" అంది ముందు బల్ల పిల్ల, చేతులు కట్టుకుని. "అబద్ధం ఆడకూడదని నీతి."

అంతే, తరగతి చల్లారిపోయింది. ఇందాకటి తొమ్మిది మార్కులవాడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. వారం అత్త కాగితం మీద "పిల్లలు కథ మొత్తం, ముగింపుతో సహా, వరసగా చెప్పారు" అని రాసింది. రాసి, మడత పెట్టి, సంచీలో పెట్టుకుంది. తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో చప్పిడి మాస్టారు "ఎలా చెప్పారు?" అనైనా అడగలేదు. అడక్కపోవడం మంచిదే అనుకుంది.

శుక్రవారం పెద్ద సారు మూడు కాగితాలూ చదివాడు. నాలుగో నంబరు కథలో పిల్లలకు సైకిలు గంట తప్ప ఏమీ మిగల్లేదు. పదకొండో నంబరు గురించి అడిగితే, ఆ రోజు తమకు బాగా ఆకలేసిందన్న సంగతి మాత్రం అందరూ చెప్పారు.

"అయితే పదిహేడే" అన్నాడు ఆయన. "ముగింపుతో సహా చెప్పారంటే మాటలు కాదు. సోమవారం కవరు విప్పుదాం. ఎవరో గాని, అదృష్టవంతులు."

వారం అత్త "సరే సార్" అంది. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ రెండు మాటలతో ఊరుకున్న రోజు అదొక్కటే. పెద్ద సారు గమనించలేదు గాని, గమనించాల్సిన సంగతే.

ఆదివారం చెల్లెలు కిటికీ దగ్గర మిషను ముందు కూర్చుని ఎవరిదో గౌను అంచు కుడుతోంది. నోట్లో గుండుసూదులు. వారం అత్త కూరలు తరుగుతూ సంగతి చెప్పింది.

"అయితే టీవీలో నీ పేరొస్తుందన్నమాట" అంది చెల్లెలు సూదుల మధ్యనుంచి. "ఆ రోజు మిషనుకు సెలవు. పై వాటా ఆవిణ్ణి కూడా పిలుస్తాను, ఏడ్చి చస్తుంది. ఇంతకీ పిల్లలేమన్నారే?"

వారం అత్త నీళ్ళు నమిలింది. "బాగానే చెప్పారు. ఒక్క చివర్లోనే… ఆ పిల్ల కార్డు దాచేసిందన్నారు. కాదని సరిదిద్దాను."

చెల్లెలు మిషను ఆపింది. సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది.

"నాన్నలాగా."

వారం అత్త కత్తిపీట మడిచి పక్కన పెట్టింది.

బస్సు డిపోలో ఆ గది చూసుకున్నది వీళ్ళ నాన్నే. తొమ్మిదో తరగతిలో లెక్కల్లో తప్పింది పెద్ద కూతురు. పద్నాలుగేళ్ళ పిల్ల, ప్రోగ్రెస్ కార్డు ఇంట్లో చూపించే ధైర్యం లేక, వచ్చే దారిలో బస్సు సీటు కింద తోసేసి దిగిపోయింది. చింపలేదు, కాలవలో పడేయలేదు, బస్సులో వదిలింది. బస్సులో వదిలిన ప్రతి వస్తువూ సాయంత్రానికి ఎవరి బల్ల మీదికి చేరుతుందో రోజూ చూస్తున్న పిల్ల, భయంలో ఆ ఒక్కటీ మర్చిపోయింది. డిపో ఉద్యోగి కూతురు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది. నాన్న కొట్టలేదు, తిట్టలేదు. మర్నాడు డిపోకు పిలిపించి, అందరికీ చేసినట్టే పెద్ద పుస్తకంలో "ప్రోగ్రెస్ కార్డు, ఒకటి" అని రాసి, "నీ వస్తువు తీసుకున్నట్టు సంతకం పెట్టు" అన్నాడు. పెట్టింది. "నీకే అక్కర్లేని చదువు నాకెందుకమ్మా" అన్నాడు. ఆ సోమవారం నుంచి టైపు నేర్చుకోవడానికి పంపాడు.

"నాన్న చేసింది మంచిదే" అంది వారం అత్త. "టైపు రాబట్టే ఇవాళ ఈ ఉద్యోగం."

"నలభై నాలుగేళ్ళుగా అదే మాట చెబుతున్నావు. ఎవరైనా కాదన్నారా? నేనెప్పుడైనా కాదన్నానా? మరి ఎవరికి చెబుతున్నావే?"

"నీకు తోచక మాట్లాడుతున్నావు."

"అవునులే. ఆ కార్డు ఆ రోజు నా చేతిలో పడుంటే గుడ్డపీలికల సంచిలో కూరేసేదాన్ని. వీళ్ళేం నోట్లో వేలు పెడితే కొరకలేని పిల్లలు కాదు, నాకంటే తెలివైనవాళ్ళే ఉన్నారు నీ ఐదో తరగతిలో." మళ్ళీ మిషను మీద కాలు పెట్టింది. "వాళ్ళు చెప్పిందేమిటి, నువ్వు రాసిందేమిటి?"

సోమవారం పెద్ద సారు సొరుగు తాళం తీస్తుండగానే వారం అత్త లోపలికి వెళ్ళి తలుపు వేసింది.

"ఆ కవరు విప్పకండి సార్. అందులో ఉన్నది నా పేరు."

ఆయన నోరు వెళ్ళబెట్టాడు. ఆ తర్వాత నవ్వబోయాడు. ఆవిడ మొహం చూసి మానుకున్నాడు. ఆవిడ నిలబడే ఉండి మొత్తం చెప్పింది. తానే రాసి తానే అడగడానికి వెళ్ళడం, పిల్లలు దాచేసిందనడం, తాను సరిదిద్దడం, కాగితం మీద అబద్ధం రాయడం. ఒక్కటి కూడా మింగలేదు.

"ఎవరికీ తెలియదు కదమ్మా" అన్నాడు ఆయన, చివరికి. "ఎవరూ చూడలేదు. నాలుగు నెలల్లో వెళ్ళిపోతున్నారు. కథ మాకందరికీ నచ్చిందే. పోనిద్దురూ."

"పోనిచ్చేదాన్నైతే ఇన్నేళ్ళలో అంతమంది కథలు ఎందుకాపాను సార్? పిల్లలకు గుర్తులేదని మొహం మీద చెప్పి పంపించానే, వాళ్ళంతా మనుషులు కారా? వాళ్ళక్కూడా పక్కన కూర్చుని అందించేదాన్ని, అందరివీ పాసైపోయేవి."

తలుపు తోసుకుని చప్పిడి మాస్టారు ఏదో కాగితం పట్టుకొచ్చాడు. ఇద్దరి మొహాలు చూసి గుమ్మంలోనే ఆగాడు.

"ఆ బళ్ళో కుళాయి దగ్గరికి తరగతి మాటలన్నీ వినిపిస్తాయి" అన్నాడు, తన ఒకే ఒక్క గొంతుతో. "సోమవారం దాకా చూద్దామనుకున్నాను."

"చూసి?"

"మీరు చెప్పకపోతే నేను చెప్పేవాణ్ణి. చెప్పినందుకు సంతోషంగా ఉంది." ఆ సంతోషం గొంతులో వెతికినా దొరకదు. కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

పెద్ద సారు సొరుగుకు మళ్ళీ తాళం వేశాడు. వేరే బళ్ళో, వేరే పిల్లలతో పదిహేడుకు మళ్ళీ పరీక్ష అన్నాడు. మాస్టారు చెబుతాడు, వారం తర్వాత అడగడానికి తానే వెళతాడు. అక్కడితో ఆగితే బాగుండేది.

"ఇంకొక్క మాటమ్మా. ఇకమీదట పరీక్షలకు మీరు వెళ్ళొద్దు. ఈ నాలుగు నెలలూ."

నియమం ఆవిడ పెట్టిందే, తప్పినవాళ్ళకు శిక్ష ఉండాలన్నది కూడా ఆవిడ మాటే. అయినా ఆ మాట చెవిన పడేసరికి ఎవరో ఒంటిమీది చీర లాగినంత పనైంది. "అలాగే సార్" అని బయటికి వచ్చి, తన బల్ల దగ్గర కూర్చుని, ముక్కైపోయిన పెన్సిళ్ళన్నీ ఒకటొకటిగా చెక్కింది. ఆ గదిలో పెన్సిలుతో రాసేవాళ్ళెవరూ లేరు.

రెండు గురువారాలు గడిచాయి. రెండో గురువారం పెద్ద సారూ, చప్పిడి మాస్టారూ బడికి వెళ్ళారు. రెండున్నరకు రావలసినవాళ్ళు నాలుగైనా రాలేదు. వారం అత్త కిటికీలోంచి ఎదుటి భవనం గోడను చూస్తూ కూర్చుంది. బాగుంటే ఇంతసేపు ఎందుకు? బాగాలేకపోతే అసలే ఇంతసేపు ఎందుకు?

నాలుగుంపావుకు వచ్చారు. పెద్ద సారు చొక్కా వీపంతా సుద్ద. గోడకానుకుని నిలబడ్డాడు కాబోలు. కూర్చోకుండానే మొదలెట్టాడు.

"గంటన్నర కొట్టుకున్నారమ్మా. గంట కొట్టినా ఇళ్ళకు పోలేదు. వాళ్ళ టీచరు వచ్చి బెత్తం ఆడిస్తే గాని కదల్లేదు."

"ఏమన్నారు సార్?"

"దాచేసింది."

"అందరూనా?"

"అందరూ. ముగింపును మాస్టారు సరిగ్గానే చెప్పాడట, ఇచ్చేసిందని."

"రెండుసార్లు చెప్పాను" అన్నాడు మాస్టారు. "ఎవరికీ గుర్తులేదు."

ఆ తర్వాత పెద్ద సారు కాగితం చూసి చదివాడు. పిల్లలన్న మాటలు అన్నట్టే ఉన్నాయి. దాచేసింది గాని రోజూ దాన్ని తీసి చూసుకుంటుందట. వాడు తరగతిలో తన పక్కనే కూర్చుంటాడు, వాడికి తెలియదట ఆ పిల్లకు తెలుసని. వాడి అమ్మ కార్డు కోసం డిపోకే వస్తుందట. అప్పుడు నాన్న పుస్తకంలో వెతికితే? ఇద్దరు మొగపిల్లలు, ఆ పిల్ల వాడితో చెప్పేయాలా వద్దా అని కాలర్లు పట్టుకున్నారట. చివరి బల్ల పిల్ల ఒకతి అన్న మాటను ఆయన రెండుసార్లు చదివాడు. "ఇచ్చేస్తే ఇంకేముంది, అయిపోయింది కదా. దాచేస్తేనే రోజూ భయం."

"ఆరు వస్తువులు, ఆరు కథలు అని రాశారు మీరు" అన్నాడు పెద్ద సారు. "పిల్లలు ఒకే కథ చూశారు. మిగతా వస్తువులు వస్తూ పోతూ ఉంటాయి, కార్డు మాత్రం ఆరు భాగాలూ ఆ గదిలోనే ఉంటుంది. కథ పాసమ్మా. మీ ముగింపు పాసు కాలేదు."

వారం అత్తకు మొహం జేవురించింది. "అయితే దొంగతనంగా దాచడం నేర్పమంటారా పిల్లలకు? నా చేత్తో?"

"నేర్పమన్నానా? దాచిన పిల్ల ఏమైపోతుందో చూపించమన్నాను. మీరు ఇన్నాళ్ళూ అందరితో చెప్పింది ఇదే కదా, మీ నీతి మీ దగ్గర పెట్టుకుని ఆ పిల్ల ఏం చేస్తుందో చెప్పండీ అని. ఎంతమందిని ఏడిపించారా మాటతో! లేదూ, ఇలాగే ఉంచుతానంటే చెప్పండి, నాలుగో నంబరు సైకిలు గంట తీసుకుంటాను."

ఆవిడ తన నాలుగు పేజీలూ తీసుకుని బల్ల దగ్గరికి వెళ్ళింది. చివరి పేజీ చదివింది. చెల్లెలి రాత గుండ్రంగా ఉంది, కాని ఆ వాక్యాలు తనవే. వాడు ఏడ్చాడు, బుద్ధి తెచ్చుకున్నాడు. మూడుసార్లు చదివింది. ఎన్నో పేజీకి ఆవలింతొచ్చిందని ఎవరైనా అడిగితే నాలుగో పేజీకని చెప్పేదే.

బుద్ధి తెచ్చుకున్నాడట! ఆ సాయంత్రం డిపోలో సంతకం పెట్టిన పిల్ల ఏం బుద్ధి తెచ్చుకుందని? ఇంటికెళ్ళే బస్సులో కార్డును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, అంతే. లెక్కలు మళ్ళీ నేర్చుకుందామని ఆ దారిలో అనుకున్న మాట నిజం. మళ్ళీ పరీక్ష ఉంటుందని టీచరు చెప్పిన మాట కూడా నిజం. ఎవరైనా నాలుగు రోజులు ఆ కార్డును గొడుగుల కింద పెట్టి ఉంటే ఆ పరీక్ష రాసేదేమో. తప్పేదేమో కూడా. నాన్న మంచివాడే. మంచివాడనడానికీ, ఆ రోజు చేసింది మంచిదే అనడానికీ మధ్య ఇంత చోటుందని ఆవిడకు ఇన్నేళ్ళకు తోచింది.

చివరి పేజీని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేసింది. పెద్ద సారు గది తలుపు తోసి తల మాత్రం లోపల పెట్టింది.

"దాచేసింది" అని తలుపు మూసేసింది.

తర్వాతి గురువారం చప్పిడి మాస్టారు ఇంకో కథ పని మీద పాత బడికి, ఆ ఐదో తరగతికే, ఒక్కడే వెళ్ళాడు. ఎప్పుడూ బడికి వెళ్ళడానికి సంచీ భుజాన వేసుకునే వేళకు వారం అత్త కుర్చీలోనే కూర్చుని ఉంది. ఎదురుగా తెల్లకాగితాలు. రెండో భాగం మొదలుపెట్టి ఆరుసార్లు కొట్టేసింది. పక్కవాళ్ళ కథల్లో తప్పులు కనిపించినంత తొందరగా సొంత కథలో వాక్యాలు కనిపించవని తెలిసొచ్చి, ఇన్నాళ్ళూ తాను తిప్పి పంపినవాళ్ళ మీద మొదటిసారి కాస్త జాలేసింది. అందరి మీదా కాదు. తాతయ్యలు రాసినవాళ్ళ మీద వెయ్యలేదు.

మూడింటికి మాస్టారు వచ్చి సంచీ బల్ల మీద పెట్టాడు.

"పిల్లలడిగారు" అన్నాడు. "వారం అత్త ఏదీ అని."

"ఏం చెప్పారు?"

"మీరు ఇక రారని చెప్పాను."

"కాస్త మెత్తగా చెప్పలేకపోయారా మాస్టారూ!"

"నాకు మెత్తగా రాదు కదండీ. ఆ కార్డు కథ మీదేననీ, కూర్చుని రాస్తున్నారనీ కూడా చెప్పాను. దాచేసిందనే రాస్తున్నారని చెప్పాను."

వారం అత్త పెన్ను కింద పెట్టింది. "ఏమన్నారు?"

"అరిచారు. ఆ ముందు బల్ల అమ్మాయి, నీతి చెప్పిందే, ఆ అమ్మాయి అందరికంటే గట్టిగా అరిచింది. మాకు ముందే తెలుసంది. తర్వాత ఒక ప్రశ్న అడగమన్నారు మిమ్మల్ని." జేబులోంచి కాగితం తీసి, కళ్ళజోడు సరిచేసుకుని చదివాడు. "ఎక్కడ దాచింది?"

"బీరువాలో" అంది ఆవిడ వెంటనే. "నాన్న గదిలో, పాత గొడుగుల వెనక."

"అలాగే అంటారేమోనని నేనూ బీరువా అన్నాను. వాళ్ళు ఒప్పుకోలేదు. బీరువా తాళం నాన్న దగ్గరుంటుంది కదా, ఆ పిల్ల ఎలా తీస్తుందన్నారు."

నిజమే. ఆ బీరువా తాళం నాన్న మొలతాడుకే ఉండేది.

"పుస్తకాల సంచిలో?"

"సంచి అమ్మ చూస్తుందట రోజూ."

"పరుపు కింద?"

"అది మొదట అన్నవాణ్ణి అందరూ కలిసి వెక్కిరించారు. పరుపు కింద దాచడం చిన్నపిల్లలు చేసే పనట."

"మరి వాళ్ళేమన్నారు, ఎక్కడైతే బాగుంటుందని?"

"ఆ తర్వాత నేను ఊఁ తప్ప ఏమీ అనలేదండీ" అన్నాడు చప్పిడి మాస్టారు. "వాళ్ళు చెప్పిందంతా రాసుకొచ్చాను. కాని మీకు చూపించకూడదనుకుంటాను. రాసేవాళ్ళకు చూపించొచ్చని నియమం లేదు."

"నియమం నేను పెడతాను. ఇటివ్వండి."

ఆయన ఇవ్వలేదు. కాగితాన్ని మడిచి తన సొరుగులో పెట్టి, సొరుగు మూసి, మాటల తప్పులు సరిచూసే పనిలో పడ్డాడు. వారం అత్త ఆయన వైపు కాసేపు గుర్రుగా చూసి, అది పనిచేయదని తెలుసుకుని, కాగితం మీదికి వంగింది. డిపో గదిలోకి వెళ్ళింది. బల్ల, బెంచీ, తాళం వేసిన బీరువా, గోడకు తగిలించిన గొడుగులు, పెద్ద పుస్తకం, కిటికీ దగ్గర నీళ్ళ కుండ. పదకొండేళ్ళ పిల్ల చేతిలో కార్డు పట్టుకుని గది మధ్యలో నిలబడి ఉంది, బయట నాన్న అడుగులు వినిపిస్తున్నాయి. ఎక్కడ పెడుతుంది? వారం అత్త కూడా ఆ పిల్లతో పాటు ఒక్కో మూలా చూడసాగింది.